పళ్ళు కొరకడం, దవడ పట్టేయడం: ఒక మంచి పన్ను పోగొట్టుకొని మేము నేర్చుకున్నది



ఈసారి ఆకు గురించి కాదు, ఊజీ ఈగ గురించి కాదు, దవడ గురించి రాస్తున్నాం. నవ్వొద్దండి. షెడ్డులో పురుగు ఆకు ఎట్ల తింటోందో రోజుకి నాలుగుసార్లు చూసుకుంటాం. ఒక్క పూట మేత మిగిలిపోతే గుండె గుభేలుమంటుంది. మన దవడ సంగతి మాత్రం నొప్పి పుట్టేదాకా గుర్తుకు రాదు. మాకూ అట్లే అయింది. దాంట్లో ఒక మంచి పన్ను ఊరికే పోయింది. మీకు అట్ల కాకూడదని ఈ నాలుగు మాటలు.

రాసేది ఒకరే అయినా బాధ ఇద్దరిదీ. ఇంటాయనకి రాత్రి నిద్రలో పళ్ళు కొరికే జబ్బు. ఇంటామెకి పగలు పని చేస్తా చేస్తా పళ్ళు బిగబట్టే అలవాటు. అందుకే 'మేము' అనే రాస్తున్నాం.

*మొదలైంది ఇట్ల*

మాది బళ్ళారి జిల్లాలో ఆంధ్రా సరిహద్దుకి ఆనుకున్న పల్లె. ఇంట్లో తెలుగు, ఆఫీసుల్లో కన్నడ. రెండెకరాల మల్బరీ ఉంది. షెడ్డు అప్పు చేసి కట్టినాం.

పోయినేడు వేసవి పంట. బళ్ళారి ఎండ సంగతి మీకు చెప్పాల్నా? పెద్ద పురుగులకి 24, 25 డిగ్రీల వేడి చాలు అంటారు. బయట 40 దాటింది. గోనెపట్టాలు తడిపి కట్టినాం, పైకప్పు మీద నీళ్ళు కొట్టినాం. అయినా నాలుగో జ్వరం లేచినాక పాలరోగం కనపడింది. సగం పురుగుల్ని గుంత తీసి సున్నం వేసి పూడ్చినాం. మిగిలిన గూళ్ళు రామనగరం మార్కెట్‌కి తీసుకుపోతే ఆ రోజు ధర లేదు. రాత్రి బస్సులో తిరిగొచ్చేటప్పుడు ఇద్దరం ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు.

తర్వాత పంటకి మళ్ళీ చాకీ పురుగులు తెచ్చినాం. అప్పటినించి నిద్ర సరిగా లేదు. రాత్రి పది గంటల మేత వేసి పడుకుంటే తెల్లవారుజామున ఐదుకి లేయాల. మధ్యలో ఒకసారి లేచి షెడ్డులో వేడి చూడాల. పడుకున్నా మనసు షెడ్డులోనే ఉంటుంది.

ఒక రాత్రి ఇంటామెకి మెలకువ వచ్చింది. ఏందో చప్పుడు. పెద్ద పురుగులు ఆకు తినే చప్పుడు వాన పడినట్టు ఉంటుంది కదా, అది కాదు. పక్క మంచం మీదనించి, రాయి మీద రాయి పెట్టి నూరినట్టు గరగరా అని వస్తోంది. పొద్దున అడిగింది.

“ఏమయ్యా, నిద్దర్లో ఎవరి మీద కోపం? పళ్ళు పటపటా కొరికేస్తాండావే!”

“నేనా? నాకేం తెలీదే” అన్నాడాయన.

నిజమే, ఆయనకి తెలీదు. ఈ జబ్బులో చిత్రం అదే. కొరికేవాళ్ళకి తెలీదు, పక్కన పడుకున్నోళ్ళకి తెలుస్తుంది.

*పన్ను పోయిన కథ*

నెల తిరగకముందే గుర్తులు మొదలైనాయి. పొద్దున లేస్తూనే దవడ బిగుసుకొని ఉండేది. ఆవలిస్తే చెవి ముందర టక్‌మని శబ్దం. కణతల్లో తలనొప్పి. చల్లనీళ్ళు తాగితే పళ్ళు జివ్వుమనేవి. చెవిలో పోటు అని చెవి చూపిస్తే, చెవి బాగుందని పంపించినారు.

మా అవ్వ ఏమనిందంటే, “కడుపులో పురుగులుంటే పళ్ళు కొరుకుతార్రా. ఆ మందు మింగు.” షెడ్డు నిండా పురుగులు, కడుపులో కూడా పురుగులేనా అని నవ్వుకుంటానే మందు మింగినాడు. చప్పుడు ఆగలేదు.

చివరికి కుడిపక్క కింది దవడలో నొప్పి ఎక్కువైతే, టౌనులో ఒక పళ్ళ క్లినిక్కుకి పోయినాం. పేరెందుకులెండి. ఏ పన్ను నొప్పి అంటే, ఇదేమో అని వేలుతో చూపించినాం. ఫొటో తీయలేదు, దవడ ముట్టుకొని చూడలేదు. పది నిమిషాల్లో పన్ను చేతిలో పెట్టినారు. పుచ్చు లేదు, వేరు గట్టిగా ఉంది. నెత్తురు ఆగింది, పుండు మానింది. నొప్పి మాత్రం అట్లే ఉంది.

దాంట్లో మా తప్పు కూడా ఉంది. పంట చేతికొచ్చే వారం అది. తొందరగా పీకేస్తే చాలు, షెడ్డుకి పోవాల అని మేమే తరిమినాం. ఒక పురుగు వాడిపోతే ఆకు చూస్తాం, గాలి చూస్తాం, తేమ చూస్తాం, మందు చల్లింది ఎప్పుడో లెక్కేస్తాం. మన నోటి విషయంలో ఆ మాత్రం ఓపిక పట్టలేదు.

*దవడ మీద వేలు పెట్టి చూసిన డాక్టరమ్మ*

తర్వాత బళ్ళారిలో ప్రభుత్వ దంత వైద్య కళాశాలకి పోయినాం. చిన్న వయసు డాక్టరమ్మ. పళ్ళు చూడకముందే అడిగింది, “యజమాన్రే, రాత్రి హల్లు కడీతీరా?” అని. రాత్రి పళ్ళు కొరుకుతారా అని. ఆయన లేదన్నాడు. ఇంటామె అవుననింది.

డాక్టరమ్మ రెండు చెంపల మీద, చెవికి ముందు కిందగా, వేళ్ళు పెట్టి నొక్కింది. ఆయనకి ప్రాణం పోయినంత పనైంది. “నొప్పి ఇదేనా?” అంటే ఇదే. పంటిది కాదు, కండరానిది. పొద్దుమూకులూ పార పట్టినోడికి భుజం ఎట్ల పట్టేస్తుందో, రాత్రంతా పళ్ళు నూరినోడికి దవడ కండరం అట్ల పట్టేస్తుంది. ఆ నొప్పి పంటికి, చెవికి, కణతలకి పాకుతుంది. అందుకే ఏ పన్నో తెలియక, వేలు ఎక్కడో చూపిస్తాం.

తర్వాత అడిగింది, “మనసులో ఏమైనా బాధ ఉందా?” అని. ఆయన “ఏమీ లేదమ్మా, అంతా బాగుంది” అన్నాడు. ఇంటామెకి కళ్ళ నీళ్ళు తిరిగినాయి. పాలరోగం సంగతి, అప్పు సంగతి, ఊర్లో ఎవురికీ చెప్పని సంగతి అంతా ఆమే చెప్పింది. మన తెలుగులో ఒక మాట ఉంది కదా, పంటి బిగువున నెట్టుకొచ్చినాం అని. గొప్పగా చెప్పుకుంటాం. ఆ బిగువు ఎక్కడికి పోతుందో ఆ రోజు తెలిసింది.

అంతా విని డాక్టరమ్మ ఇంటామె చెంపలు కూడా నొక్కింది. అక్కడా నొప్పే. పండిన పురుగులు ఏరి చంద్రికల్లో వేసేటప్పుడు గంటల తరబడి పళ్ళు బిగబట్టుకొని ఉంటుందంట. పొద్దుగూకేసరికి తలనొప్పి. మేమేమో బ్లీచింగ్ వాసనకి అనుకున్నాం.

*అసలు ఏం జరుగుతుంది*

దీన్ని డాక్టర్లు బ్రక్సిజం అంటారు. రెండు రకాలు. నిద్రలో కొరికేది ఒకటి, మెలకువలో బిగబట్టేది ఒకటి. ఒక మనిషికి రెండూ ఉండొచ్చు. పెద్దవాళ్ళలో నూటికి సుమారు 8 మందికి నిద్రలో కొరికే అలవాటు ఉంటుంది. పిల్లల్లో ఇంకా ఎక్కువ. వయసు పైబడేకొద్దీ తగ్గుతుంది.

ఇప్పుడు మీరే ఒక పని చేసి చూడండి. దవడ మూల దగ్గర, చెవికి కిందగా వేళ్ళు పెట్టి పళ్ళు గట్టిగా కరవండి. ఒక గడ్డ మాదిరి లేస్తుంది కదా, అదే నమిలే కండరం. కణతల మీద పెట్టి కరిస్తే అక్కడ కూడా కదులుతుంది. తలనొప్పి ఎందుకొస్తుందో దాంతోనే తెలుస్తుంది.

ఇంకో మాట మాకు ఆశ్చర్యం అనిపించింది. నోరు మూసుకొని ఊరికే ఉన్నప్పుడు పై పళ్ళు, కింది పళ్ళు తగలకూడదు. మధ్యలో రెండు మూడు మిల్లీమీటర్ల సందు ఉండాల. నమిలేటప్పుడు, మింగేటప్పుడు మాత్రమే తగులుతాయి. అట్ల తగిలేదంతా కలిపితే 24 గంటల్లో ఒక 20 నిమిషాలే అంటారు. మేమేమో పళ్ళు కలిపి పెట్టుకోవడమే సహజం అనుకున్నాం. మీ పళ్ళు ఇప్పుడు ఎట్ల ఉన్నాయి, చూసుకోండి.

నిద్రలో జరిగేది వేరు. మనిషి గాఢ నిద్రలోంచి తేలిక నిద్రలోకి వస్తా పోతా ఉంటాడు. అట్ల తేలినప్పుడు కొన్ని క్షణాలు మెదడు అర మెలకువ అవుతుంది. గుండె రొంత వేగంగా కొట్టుకుంటుంది, ఆ వెంటనే దవడ కండరాలు ఆడతాయి. అంటే ఇది మెదడు చేసే పని, పళ్ళు చేసే పని కాదు. పూర్వం పళ్ళు వంకరగా ఉంటే, పైకీ కిందికీ సరిగ్గా కూర్చోకపోతే ఇది వస్తుందని అనుకునేవాళ్ళు. ఇప్పుడు అట్ల అనడం లేదు. 2018లో పలు దేశాల నిపుణులు కలిసి రాసిన దాంట్లో, ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఇది రోగం కాదు, కండరాల నడత అన్నారు. కాబట్టి పన్ను పీకితే, పళ్ళు అరగదీస్తే ఇది ఆగదు. ఆగుతుందని ఎవరైనా అంటే ఇంకో డాక్టరుకి చూపించి అడగండి.

*పురుగుకి కొత్త దవడలొస్తాయి, మనకి రావు*

పట్టుపురుగు దవడలు మన మాదిరి పైకీ కిందికీ కాదు, పక్కలకి ఆడతాయి. మొత్తం పంటలో తినే ఆకులో నూటికి 80 పాళ్ళ పైన చివరి దశలోనే తింటుంది. అంత కొరికినా దానికి నష్టం లేదు. జ్వరానికి కూర్చున్నప్పుడు మేత మానేస్తుంది, కదలదు, పాత చర్మంతో పాటు తల పైపెంకు, దవడల పైపెంకు కూడా విడిచేస్తుంది. నాలుగు జ్వరాలకి నాలుగుసార్లు కొత్త దవడలు. షెడ్డులో రాలిపోయిన చిన్న చిన్న నల్ల తల పెంకులు మీరు చూసే ఉంటారు.

మనకి పాలపళ్ళు పోయి ఒకసారి కొత్తవి వస్తాయి. అంతే. పంటి పైన ఉండే ఎనామిల్ అరిగితే మళ్ళీ పెరగదు. ఇంటాయన ముందు పళ్ళ అంచులు రంపంతో కోసినట్టు చదునుగా అయిపోయినాయి. దవడ పళ్ళల్లో ఒకదానికి సన్నటి పగులు వచ్చింది. ఇంకో మూడేళ్ళు అట్లే వదిలేసి ఉంటే ఏమయ్యేదో.

*ఎందుకొస్తుంది*

ఒక్క కారణం కాదు, నాలుగైదు కలుస్తాయి.

మొదటిది మనసులో ఒత్తిడి. 2020 లాక్‌డౌన్‌లో మన గూళ్ళ ధర పడిపోయినప్పుడు ఎంత నలిగిపోయినామో గుర్తుందా? ప్రపంచమంతా అట్లే నలిగింది. 2021 మొదట్లో అమెరికా దంత వైద్యుల సంఘం వాళ్ళ డాక్టర్లని అడిగితే, పది మందిలో ఏడుగురు పళ్ళు కొరికే రోగులు పెరిగినారని చెప్పినారు. పట్నమైనా పల్లెటూరైనా దవడ దవడే.

రెండోది నిద్ర చెడటం. మూడోది టీ, కాఫీ, బీడీ, సిగరెట్, పొగాకు, సారాయి. చివరి దశ మేత రోజుల్లో మేము లెక్కపెడితే ఎనిమిది టీలు తేలినాయి. సాయంత్రం తర్వాతవి నిద్రని మరీ చెడగొడతాయి. “రొంత మందు తాగితే నిద్ర పడుతుంది” అంటారు, కానీ ఆ నిద్ర ముక్కలు ముక్కలుగా ఉంటుంది, కొరకడం పెరుగుతుంది.

నాలుగోది గురక. గట్టిగా గురకపెడతా మధ్యలో ఊపిరి ఆగినట్టయి, ఉలిక్కిపడి మళ్ళీ ఊపిరి తీసేవాళ్ళు ఉంటారు. దాన్ని స్లీప్ ఆప్నియా అంటారు. దాంతో పాటు పళ్ళు కొరకడం కూడా ఉండొచ్చు. అట్లాంటివాళ్ళు పళ్ళ డాక్టరుతో ఆపకుండా పెద్దాసుపత్రిలో చూపించుకోవాల. బీపీకి, గుండెకి కూడా అది మంచిది కాదు.

ఐదోది, మనసు కుంగుబాటుకి వాడే కొన్ని రకాల మాత్రలు. అట్లని మీకై మీరు మాత్ర ఆపొద్దు. రాసిచ్చిన డాక్టరుకి చెప్పండి, మారుస్తారు. ఇవి గాక, కొన్ని కుటుంబాల్లో అమ్మానాన్నలకి ఉంటే పిల్లలకీ ఉంటుంది.

*పిల్లల సంగతి, పురుగుల మాట*

మా అవ్వ చెప్పిన మాట సరిహద్దుకి ఈ పక్కా ఆ పక్కా అందరూ చెప్పేదే. పళ్ళు కొరకడానికి కడుపులో పురుగులే కారణం అని గట్టి రుజువు లేదు. చాలా మంది పిల్లలకి వయసు పెరిగేకొద్దీ అదే తగ్గిపోతుంది. నులిపురుగుల మాత్ర మాత్రం వేరే కారణానికి మంచిది, నెత్తురు తక్కువ కాకుండా, ఎదుగుదల ఆగకుండా. ఫిబ్రవరి 10న జాతీయ నులిపురుగుల దినం అని బళ్ళలో, అంగన్‌వాడీల్లో ఉచితంగా ఇస్తారు. తప్పకుండా వేయించండి. మాత్ర వేసినా కొరకడం ఆగలేదని మాత్రం రెండోసారి, మూడోసారి మింగించొద్దు. పిల్లోడికి పంటి నొప్పి ఉన్నా, పళ్ళు అరుగుతున్నా, గురక ఉన్నా డాక్టరుకి చూపించండి. నిద్రలో కొరికినాడని లేపి తిట్టొద్దు. వాడికి తెలీదు పాపం.

*ఇవి ఉంటే ఆలస్యం చేయొద్దు*

దవడ పట్టేసిందంటే అన్నీ ఇదే అనుకోవద్దు. నాలుగు సంగతులు వేరు.

1. కొడవలి తెగినా, తుప్పు మేకు గుచ్చుకున్నా, కొన్ని రోజులకి దవడ బిగుసుకొని నోరు తెరవలేకపోతే అది ధనుర్వాతం కావచ్చు. ఇంట్లో కాపడాలు పెట్టుకుంటా కూర్చోవద్దు. వెంటనే పెద్దాసుపత్రికి పోవాల. రోజూ కొమ్మలు కోసే చేతులు మనవి, టీకా వేయించుకొని ఉండాల.

2. వక్క, గుట్కా, పాన్‌మసాలా నమిలేవాళ్ళకి కారం తగిలితే నోరు మండటం, చెంప లోపల తెల్లగా గట్టిపడటం, నోరు రానురాను చిన్నగా తెరుచుకోవడం కనిపిస్తే అది కండరాల బిగుతు కాదు. అది క్యాన్సర్‌కి దారి తీయగల జబ్బు. మీ మూడు వేళ్ళు నిలువుగా పేర్చి నోట్లో పట్టించి చూడండి. పట్టకపోతే చూపించుకోండి, వక్క ఆ రోజే మానేయండి.

3. దవడ నొప్పితో పాటు ఎదలో బరువు, ఎడమ చేతి లాగుడు, చెమటలు, ఆయాసం ఉంటే అది గుండెది. ఒక్క నిమిషం ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి.

4. ఆవలించినప్పుడు నోరు తెరుచుకొని మూసుకోకపోయినా, ముఖం వాచి జ్వరం వచ్చినా ఆసుపత్రికే పోవాల.

*మేము ఏం చేసినాం*

డాక్టరమ్మ చెప్పిన మొదటి మాట, “పెదాలు కలవాల, పళ్ళు కలవకూడదు.” నాలుక కొన పై ముందు పళ్ళ వెనక, 'ల' అన్నప్పుడు తగిలే చోట ఊరికే ఆనించి పెట్టాల. పళ్ళు వాటంతట అవే విడిపోతాయి. దవడ వేలాడినట్టు వదులుగా ఉంటుంది.

చెప్పడం సులభం, గుర్తుండటం కష్టం. అందుకే షెడ్డులో ప్రతి గుంజ మీదా ఒక సున్నం చుక్క పెట్టినాం. చుక్క కనపడినప్పుడల్లా పళ్ళు వదలాల, భుజాలు దించాల, ఒక నిండు ఊపిరి తీసి మెల్లగా వదలాల. మొదటి వారం చూసిన ప్రతిసారీ పళ్ళు బిగిసే ఉన్నాయి. నెలకి సగం తగ్గింది. ఇంటామె సాయంత్రం తలనొప్పి చాలావరకు పోయింది దీంతోనే.

రెండోది కాపడం. వేడినీళ్ళల్లో తువ్వాల ముంచి పిండి, రెండు చెంపలకి పది పదిహేను నిమిషాలు పెట్టాల, పడుకునేముందు. మరీ కాల్చుకోవద్దు. తర్వాత దవడ మూల మీద, కణతల మీద మూడు వేళ్ళతో గుండ్రంగా మెల్లగా రుద్దాల. నాలుక పైకి ఆనించి పెట్టే నోరు కొద్దిగా తెరిచి మూయడం, ఆరుసార్లు. బలవంతంగా సాగదీయొద్దు, టక్‌మనిపించొద్దు.

మూడోది తిండి. నొప్పి ఉన్నన్నాళ్ళు ఎండు జొన్న రొట్టె, వేయించిన శనగలు, చెరుకు, గట్టి మాంసం పక్కన పెట్టినాం. రాగి సంగటి, పప్పు, మెత్తటి అన్నం, మజ్జిగ. సంగటి నమిలేది కాదు, మింగేది కాబట్టి దవడకి సెలవు. నొప్పి తగ్గినాక రొట్టె మళ్ళీ తింటున్నాం, పులుసులో నానబెట్టుకొని.

నాలుగోది, పళ్ళని పనిముట్టుగా వాడటం మానేసినాం. ప్లాస్టిక్ దారం పళ్ళతో తెంపడం, వైరు పైతోలు ఒలవడం, మందు ప్యాకెట్టు పళ్ళతో చింపడం. ఈ చివరిదైతే దవడకే కాదు, కడుపుకీ ప్రమాదం. షెడ్డులో ఒక కత్తెర తాడుకి కట్టి వేలాడదీసినాం. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించి మాట్లాడటం కూడా మానినాం.

నొప్పి మాత్రలు డాక్టరు చెప్పినన్ని రోజులే. ఊర్లో అంగట్లో కొనుక్కొని నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు, మూత్రపిండాలకి చెరుపు.

*నైట్ గార్డ్*

ఇంటాయనకి పళ్ళ అచ్చు తీసుకొని నైట్ గార్డ్ చేసిచ్చినారు. గట్టి ప్లాస్టిక్ తొడుగు, పై పళ్ళకి పెట్టుకొని పడుకోవాల. ఇది కొరకడాన్ని ఆపదు. పళ్ళకి పళ్ళు తగిలి అరగకుండా కాపాడుతుంది. నేల మీద పట్టా పరిచినట్టు అనుకోండి. మొదటి మూడు రాత్రులు ఎంగిలి కారి, ఇది నోట్లో పెట్టుకొని ఎవరు పడుకుంటారని విసురుకున్నాడు. వారానికి అలవాటైంది.

పొద్దున చల్లనీళ్ళతో, మెత్తటి బ్రష్‌తో కడగాల. వేడినీళ్ళు పోస్తే వంకరపోతుంది. ఆరబెట్టి డబ్బాలో పెట్టాల, లేకపోతే కుక్కలు కొరుకుతాయి. ఆరు నెలలకి ఒకసారి చూపించాల. ఇంటర్నెట్‌లో దొరికే అందరికీ ఒకే కొలత తొడుగుల కంటే మన అచ్చు తీసి చేసిందే నోట్లో సరిగ్గా కూర్చుంటుంది. ఏదీ పనిచేయని గట్టి కేసులకి కండరానికి సూది మందు కూడా ఉందని చెప్పినారు. మాకు ఆ అవసరం రాలేదు.

*పని పంచుకోవడం, మాట చెప్పుకోవడం*

పళ్ళకి తొడుగు వేసినాం, మరి నిద్రకి? ఇద్దరమూ రెండు మేతలకీ లేయడం మానేసినాం. రాత్రి పది మేత, నడిరాత్రి వేడి చూడటం ఒకరిది. తెల్లవారుజాము మేత ఒకరిది. ఎవరికైనా ఏకంగా ఐదారు గంటల నిద్ర దొరుకుతుంది. ఆకు కోసి వేసేది తగ్గించి కొమ్మ మేతకి మారినాం. కూలి తగ్గింది, వంగి లేచే పని తగ్గింది. సాయంత్రం నాలుగు తర్వాత టీ లేదు, మజ్జిగే. పడుకునేముందు ఫోన్లో ధరలు చూడటం లేదు. రాత్రి చూసినా పొద్దున చూసినా ధర అదే.

అన్నిటికంటే కష్టమైంది నోరు విప్పడం. పాలరోగం సంగతి, అప్పు సంగతి పక్క ఊరి రైతన్నకి చెప్పుకున్నాం. ఆయనకీ అదే వేసవిలో పోయిందంట, ఆయనా ఎవరికీ చెప్పలేదంట! ఇద్దరం కూర్చొని చాకీ తెచ్చే తేదీలు, సున్నం, మందు చల్లే రోజులు ఒక పుస్తకంలో రాసుకున్నాం. ఎవరికీ చెప్పుకోలేనంత బరువు ఉన్నవాళ్ళు 14416కి ఫోన్ చేయొచ్చు. టెలి మానస్ అని ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన ఉచిత సేవ. తెలుగులో మాట్లాడొచ్చు, కన్నడలో మాట్లాడొచ్చు. పిచ్చివాళ్ళకి మాత్రమే అనుకోవద్దు. నిద్ర పట్టనివాళ్ళకి కూడా.

*ఇప్పుడు ఎట్ల ఉంది*

పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పం. నాలుగో జ్వరం లేచినాక, గూళ్ళు మార్కెట్‌కి పోయే ముందు రాత్రి, ఇప్పటికీ ఆ గరగర శబ్దం వస్తుంది. కానీ మధ్యలో తొడుగు ఉంది. పొద్దున దవడ పట్టేయడం వారంలో ఒకసారి ఉంటే ఎక్కువ. పగులు ఇచ్చిన పన్ను ఇంకా నోట్లోనే ఉంది, దానికి తొడుగు వేయించినాం. పీకిన పన్ను చోటు మాత్రం ఖాళీ. అన్నం తినేటప్పుడు నాలుక అక్కడికి పోయినప్పుడల్లా ఆ పది నిమిషాల తొందర గుర్తొస్తుంది.

ఈ రాత్రి ఒక పని చేయండి. మీ ఇంట్లో పక్కన పడుకునేవాళ్ళని అడగండి, మేము నిద్రలో పళ్ళు కొరుకుతామా, గురకపెడతామా అని. పొద్దున అద్దంలో పళ్ళ అంచులు చూసుకోండి. అవునంటే, పంట అయ్యేదాకా ఆగకుండా ఒక పూట తీసుకొని పళ్ళ డాక్టరు దగ్గరికి పోండి. పన్ను పీకుతానంటే “దవడ కండరం కూడా చూడండి సార్” అని ఒక్క మాట అడగండి.

షెడ్డు గుంజ మీద సున్నం చుక్క పెట్టడానికి రూపాయి ఖర్చు లేదు. ఈ పంటనించే మొదలుపెట్టండి. మీ అనుభవాలు గ్రూపులో రాయండి, రాయడం రానివాళ్ళు వాయిస్ పెట్టండి, వింటాం.